నొక్కి పట్టిన పాదం

బరువును నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడ్డ మనిషి చేసిన పని సున్నా. ఫిజిక్సు పుస్తకం చెప్పే మాట ఇది. బలాన్ని అది కదిలించిన దూరంతో హెచ్చవేస్తే వచ్చేదే పని. దూరం సున్నా అయితే పనీ సున్నాయే. గుంటూరులో ఇంటర్మీడియెట్ పిల్లలకు ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి అడిగేవారు: "మరి చేతులు లాగేస్తాయి కదా మేడమ్? చెమటలు పడతాయి కదా?" కండరంలోని పోగులు బిగిసినవి బిగిసినట్టు ఉండిపోలేవనీ, క్షణక్షణం బిగుస్తూ వదులవుతూ ఉంటాయనీ, ఆ లోపలి కదలికకు ఖర్చయిన శక్తి వేడిగా పోతుందే తప్ప బరువుకు ఏమీ చేరదనీ వివరించేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. జవాబులో తప్పేమీ లేదు. అయితే వాళ్లు అడిగినదాంట్లో ఇంకో ప్రశ్న కూడా ఉంది. అంతసేపు మోసినవాడి ఖాతాలో సున్నా వేస్తే న్యాయమేనా అని. దానికి పాఠంలో చోటు లేదు.

ఆ రెండో ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకున్నది డెట్రాయిట్ శివారులో, మా అబ్బాయి ఇంటి గ్యారేజీలో. వాడి పాత స్పోర్ట్స్ కారు క్లచ్‌లో గాలి చేరింది. ఆ గాలి తీసేటప్పుడు పెడల్ మీద కాలు వేసి కూర్చున్నది నేనే.

కారు మాజ్డా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే బట్ట టాపు, మీట నొక్కితే బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో ఈ మోడల్‌ను మొదటిసారి జనానికి చూపించారు. అప్పటికి బ్రిటన్‌లో ఒకనాడు వెల్లువెత్తిన చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కార్లు దాదాపు కనుమరుగైపోయాయి. అలాంటి తేలికపాటి కారును మళ్లీ తయారు చేయండని 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో విలేకరి మాజ్డా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోతో అన్నాడు. పదేళ్లకు ఆ మాట కారై రోడ్డెక్కింది. ఆ జట్టుకు నాయకత్వం వహించిన తొషిహికో హిరాయ్ కోరుకున్నది ఒక్కటే: గుర్రమూ రౌతూ ఒకటైనట్టు కారూ నడిపేవాడూ ఒకటవ్వాలి. మొదటి తరం కార్ల బరువు వెయ్యి కిలోలకు లోపే. 2016 నాటికి ఇవి పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ల అమ్మకాల్లో గిన్నిస్ రికార్డు దీనిదే.

అమెరికాలో కొత్త కార్లలో చేత్తో గేర్లు మార్చేవి ఇప్పుడు చాలా అరుదు. అందుకే మా వాడికి ఈ కారంటే ప్రాణం. గేరు లీవరు మణికట్టు తిప్పినంతలో పడుతుంది. ఎడమ కాలికీ కుడి చేతికీ మధ్య నడిచే ఆ లయ కోసమే వారాంతాల్లో దీన్ని బయటికి తీస్తాడు. ఆ లయకు ఆధారం క్లచ్.

క్లచ్ చేసే పని చెప్పుకుంటే చిన్నదే. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకూ, గేర్‌బాక్సులోకి వెళ్లే షాఫ్టుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు దాన్ని ఫ్లైవీలుకు అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు సడలి ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం తెగుతుంది. అప్పుడు గేరు మార్చుకుంటాం. పెడల్ వదిలితే మళ్లీ పట్టు బిగుస్తుంది. మన పాత మారుతి 800లో పెడల్ కబురును క్లచ్ దాకా మోసింది ఒక ఉక్కు కేబులు. మియాటాలో మోసేది ద్రవం. పెడల్‌కు ఎదురుగా ఇంజన్ గోడ మీద మాస్టర్ సిలిండర్, దాని నెత్తిన అరచేతిలో ఇమిడే డబ్బా, అందులో బ్రేక్ ఆయిల్. అక్కడి నుంచి సన్నటి పైపు కిందికి దిగి, గేర్‌బాక్సు పక్కన బిగించిన స్లేవ్ సిలిండర్‌ను చేరుతుంది. పైన పిస్టన్ ఆయిల్‌ను నెడితే కింద పిస్టన్ బయటికొచ్చి క్లచ్ ఫోర్కును తోస్తుంది.

ఇందులో కదిలే ఆయిల్ ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. కింది పిస్టన్ వ్యాసం 19 మిల్లీమీటర్లు, అది జరిగేది 12 మిల్లీమీటర్లు అనుకుందాం. లెక్క కడితే మూడున్నర మిల్లీలీటర్లు కూడా లేదు. టీ చెంచాడు కంటే తక్కువ. కారు మొత్తాన్ని ఇంజన్ పట్టులోంచి విడదీసేది ఆ కాసిన్ని చుక్కలే. ఇప్పుడు అందులో ఒక మిల్లీలీటరు గాలి చేరిందనుకోండి. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పినట్టు, పీడనం ఇరవై రెట్లయితే గాలి ఇరవయ్యో వంతుకు ముడుచుకుంటుంది. అంటే మనం తొక్కిన తొక్కుడులో పావు వంతుకు పైగా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది. క్లచ్‌కు చేరదు. మామూలు పీడనం దగ్గర, నీటిలాంటి ద్రవాలతో పోలిస్తే గాలి సుమారు ఇరవై వేల రెట్లు సులువుగా నలుగుతుంది. ఎవరు నొక్కినా లొంగిపోయే గుణం దానిది. ఆ గుణం వల్లే అది కబురు మోయలేదు.

మా వాడి కారులో సరిగ్గా అదే జరిగింది. పొద్దున్నే కారు తీయబోతే పెడల్ అడ్డూ ఆపూ లేకుండా నేలకు దిగిపోయింది. రివర్సు వేయబోతే పళ్లు గరగరమన్నాయి. గబగబా నాలుగుసార్లు తొక్కితే కాస్త పట్టు దొరికి, నిమిషంలో మళ్లీ పోయింది. కారు కింద దూరి స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూశాడు. లోపలంతా తడి. పిస్టన్ చుట్టూ ఉండే సీలు అరిగింది. ఇన్నేళ్ల కారులో రబ్బరుకు వయసు మీద పడటం సహజమే. కొత్త స్లేవ్ సిలిండర్ తెచ్చి బిగించాడు. రెండు బోల్టులు, ఒక పైపు. ఆ భాగం సులువు. పైపు విప్పి బిగించేసరికి లోపలికి చేరిన గాలిని బయటికి పంపడమే అసలు పని.

"అమ్మా, ఒక్కసారి వచ్చి పెడల్ మీద కూర్చుంటావా?" అన్నాడు.

కారు ముందు భాగం పైకెత్తి, నాలుగు కాళ్ల ఇనుప స్టాండ్ల మీద దించి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి ఉంచాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎప్పుడూ వెళ్లకూడదు. జాకీ ఎత్తడానికి, స్టాండు పట్టి ఉంచడానికి. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వాడు అవతలి పక్క ముందు చక్రం వెనక నుంచి కిందికి దూరాడు. స్లేవ్ సిలిండర్ మీద గాలి వదలడానికి చిన్న నిపుల్ ఉంటుంది. దానికి రింగు స్పానర్ తగిలించి, పైన తెల్లటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, గొట్టం రెండో కొసను కాస్త ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టాడు. కొస మునిగి ఉంటే వచ్చే బుడగలు కంటికి కనిపిస్తాయి.

"నొక్కు అమ్మా."

"నొక్కానురా."

"పట్టుకో. నేను చెప్పేదాకా కాలు కదపకు. తెరుస్తున్నా."

మొదట్లో పెడల్‌కు బలమే లేదు. బురదలో కాలు పెట్టినట్టు దిగిపోయింది. కొన్ని విడతల తర్వాత పాదం కింద ఏదో ఎదురు నిలవడం తెలిసింది. మడమ నుంచి మోకాలి దాకా ఆ ఎదురు బలం తెలుస్తుండగా, కింద స్పానర్ కిరుక్కుమంది. అంతే, అప్పటిదాకా నిలబడ్డది ఒక్కసారి కరిగిపోయింది. పెడల్ దానంతటది నేల మీదికి జారింది. నా కాలు దాని వెంటే వెళ్లింది. కింద సీసాలో బుడబుడ. నేల దాకా వెళ్లిన పెడల్‌ను అక్కడే అదిమి ఉంచాను. మళ్లీ స్పానర్ చప్పుడు.

"మూశాను. వదులు."

"వదిలాను."

పెడల్ తనంతట తాను లేవలేదు. వంగి చేత్తో పైకి తీశాను. మళ్లీ మొదలు. నొక్కు, పట్టుకో, తెరుస్తున్నా, మూశాను, వదులు. మధ్యమధ్యలో వాడు బయటికొచ్చి పైన డబ్బాలో ఆయిల్ పోస్తాడు. ఆ డబ్బా ఖాళీ అయితే మాస్టర్ సిలిండర్ మళ్లీ గాలే మింగుతుంది. అప్పటిదాకా పడ్డ శ్రమంతా నీళ్లపాలు.

ఆయిల్ కోసం కొత్త సీసా సీలు విప్పాడు. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె జాతి కాదు, గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవం. గాలిలోని తేమను తాగుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు 3.7 శాతం చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి. ఆవిరి కూడా గాలిలాగే నలిగిపోతుంది. అందుకే ఎప్పుడో మూత తీసిన సీసా వాడరు. ఒక చుక్క ఒలికినా వెంటనే నీళ్లు పోసి కడిగేస్తారు, రంగును తినేస్తుంది కాబట్టి.

ఈ పనిలో నాకు బాగా పట్టుకున్న సంగతి ఒకటి ఉంది. గాలికి తెలిసిన దారి పైకే. స్లేవ్ సిలిండర్ ఉన్నది అన్నిటికంటే కింద. పైపులో ఎక్కడో చిక్కుకున్న బుడగను దాని స్వభావానికి ఎదురుగా కిందికి లాక్కురావాలి. ఆయిల్ మెల్లగా జారితే బుడగ తప్పించుకుని మళ్లీ పైకి ఈదుతుంది. నిపుల్ మూసి ఉన్నప్పుడే కాలు బలంగా నొక్కి సిద్ధంగా ఉండాలి. అప్పుడే తెరిచిన క్షణంలో ఆయిల్ ఉరికి బుడగను తనతో ఈడ్చుకుపోతుంది. బుడగ బయటికి రావడానికి కావలసిన బలమంతా ఏమీ కదలని ఆ రెండు మూడు క్షణాల్లో పోగవుతుంది.

ఇక పెడల్ నేలకు ఆని ఉన్న రెండో క్షణం. ఆ సమయంలో నేను చేసే పని పుస్తకం లెక్కలో ఖచ్చితంగా సున్నా. పెడల్ కదలదు, ఆయిల్ కదలదు, ఏమీ కదలదు. నిపుల్ ఇంకా తెరిచే ఉంది. ఆ క్షణంలో నా కాలు అంగుళం లేస్తే, స్లేవ్ సిలిండర్ వెనక్కి పీల్చుకుంటుంది, నిపుల్ మర చుట్ల సందుల్లోంచి గాలి లోపలికి దూరుతుంది. మా వాడు స్పానర్ తిప్పే ఆ కొద్దిసేపూ మొత్తం పనికి పూచీ కదలని పాదానిదే.

మన దగ్గర షెడ్లలో దీన్ని ఎయిర్ తీయడం అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో నడిచి వెళ్తుంటే ఏదో ఒక లారీ కింద నుంచి "కొట్టు... కొట్టు... పట్టు... ఒదులు" అన్న కేక వినపడుతుంది. కింద మేస్త్రి. పైన క్యాబిన్‌లో ఒక కుర్రాడు. లారీ తయారయ్యాక ఓనరు డబ్బులిచ్చేది మేస్త్రికి, మెచ్చుకునేది మేస్త్రి పనితనాన్ని. అది మేస్త్రికి దక్కవలసిందే, అనుమానం లేదు. కానీ క్యాబిన్‌లోని కుర్రాడు చేసినదాన్ని "ఊరికే కాలు పెట్టి కూర్చున్నాడు" అనేవాళ్లు ఒకసారి ఆ సీట్లో కూర్చోవాలి. కింద ఏం జరుగుతోందో కనపడదు. ఎంతసేపో తెలియదు. కాలు వణుకుతున్నా కదపకూడదు. కనపడని మనిషి గొంతును నమ్మి, ఆ గొంతు చెప్పినప్పుడే కదలాలి. ఓపిక ఉంటే సరిపోదు, మొత్తం ఒంటిని చెవి చేసుకోవాలి.

పాస్కల్ నియమం నేను ఏళ్ల తరబడి చెప్పిన పాఠం. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట పెట్టిన పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ చేరుతుంది. ఈ సంగతి ఉన్న బ్లేజ్ పాస్కల్ గ్రంథం ఆయన పోయిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. నీళ్లు నింపిన పాత్రకు రెండు నోళ్లు ఉండి, ఒకటి మరోదానికంటే వంద రెట్లు పెద్దదైతే, చిన్న నోటి దగ్గర నొక్కే ఒక్క మనిషి పెద్ద నోటి దగ్గర నొక్కే వందమందికి సమానమవుతాడని అందులో లెక్క వేశాడు. ఇందుకు మూల్యం ఏమిటో కూడా చెప్పాడు. పెద్ద పిస్టన్ ఒక అంగుళం లేవాలంటే చిన్నది వంద అంగుళాలు దిగాలి. నల్లబల్ల మీద ఎన్నోసార్లు గీసిన బొమ్మ ఇది. గ్యారేజీలో అది పాదానికి తెలిసింది.

అయితే ఆ రోజు నాకు పాస్కల్ కథలో గుర్తొచ్చింది వేరే మనిషి. 1648 సెప్టెంబర్ 19న పాస్కల్ బావ ఫ్లోరిన్ పెరియే, ఫ్రాన్సులో క్లెర్మోఁ ఊరి పక్కనున్న పుయ్ ద దోమ్ కొండ ఎక్కాడు. పాదరసం నింపిన గాజు గొట్టం వెంట తీసుకెళ్లాడు. పైకి వెళ్లేకొద్దీ గాలి బరువు తగ్గుతుందా అన్నది తేల్చాల్సిన ప్రశ్న. కొండ మీద పాదరసం మూడు అంగుళాలకు పైగా దిగింది. చూసినవాళ్లు నివ్వెరపోయారు. గాలికి బరువుందనడానికి లోకం చూసిన గొప్ప రుజువుల్లో ఇదొకటి. పాఠాల్లో కొండ ఎక్కినవాళ్ల కథ ఉంటుంది. అదే రోజు కింద మఠం తోటలో అలాంటిదే ఇంకో గొట్టం పెట్టి, దాని పక్కన షాస్తాఁ అనే సన్యాసిని కూర్చోబెట్టారు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పాదరసం కదులుతుందేమో చూడటం ఆయన పని. ఆ రోజు వాతావరణం నిలకడగా లేదు. ఎండ, వాన, మంచు, గాలి మార్చిమార్చి వచ్చాయి. కింద గొట్టంలో పాదరసం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆయన ఆ పూటంతా చూసింది "ఏమీ జరగలేదు" అన్న విషయాన్నే. కానీ ఆ మాట చెప్పగల మనిషి లేకపోతే కొండ మీది మూడు అంగుళాలకు విలువ లేదు. వానకు దిగిందో, ఎత్తుకు దిగిందో ఎవరు చెప్పగలరు? పైన కదిలినదానికి అర్థం వచ్చింది కింద కదలనిదాని వల్లే. ప్రయోగానికి ఇద్దరూ సమానంగా కావాలి. ఒకరి పేరు పాఠంలో ఉంది, ఒకరి పేరు లేదు. నేనూ ఇప్పుడైతే పిల్లలకు షాస్తాఁ పేరు ముందు చెబుతాను.

కచేరీలో గాయకుడి వెనక తంబురా మీటేవారిని చూడండి. అవే నాలుగు తీగలు, అదే వరస, మూడు గంటలు. రాగం మారినా తాళం మారినా ఆ చేతికి మార్పు లేదు. చప్పట్లు పడేది గమకానికి, సంగతికి. గాయకుడు ఎక్కడెక్కడో తిరిగి ధైర్యంగా షడ్జానికి రాగలుగుతున్నాడంటే, షడ్జం అక్కడే ఉందన్న నమ్మకం వల్లే. ఆ నమ్మకాన్ని పట్టి ఉంచిన చెయ్యి కార్యక్రమ పత్రంలో చివరి వరసలో ఉంటుంది. కొన్నిసార్లు అదీ ఉండదు.

మా కోడలు ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో నర్సు. రాత్రి అన్నాల దగ్గర నా కాలి సంగతి చెబితే, "మాకూ అంతే అత్తయ్యా" అంది. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లో సర్జనుకు లోపలి భాగం కనిపించాలంటే, కోసిన అంచులనూ పక్కనున్న అవయవాలనూ రిట్రాక్టర్‌తో పక్కకు పట్టి ఉంచాలి. ఒక్కోసారి ఆ పట్టు పట్టేది ఇంకా నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు. ఎక్కువ లాగితే కణజాలం నలుగుతుంది, వదిలితే సర్జనుకు దారి మూసుకుపోతుంది. భుజం పీకుతున్నా మిల్లీమీటరు జరపకూడదు. "కత్తి పట్టినవాళ్లకు దారి కనిపిస్తుందంటే వీళ్లు పట్టి ఉంచారనే" అంది తను.

ఒక్కరే ఎయిర్ తీసుకోవడానికి సాధనాలు లేకపోలేదు. నిపుల్ దగ్గర ఆయిల్‌ను పీల్చే చేతి పంపులున్నాయి. పైన డబ్బాకు బిగించి ఆయిల్‌ను కిందికి నెట్టే ప్రెషర్ సీసాలున్నాయి. ఒకవైపే దారి ఇచ్చే వాల్వు ఉన్న గొట్టాలున్నాయి. ఏమీ లేకుండా నిపుల్ తెరిచి, బరువుకు అదే కారేలా వదిలేసేవాళ్లూ ఉన్నారు. వాటన్నిటికీ వాటి వాటి సమయాలున్నాయి. మా వాడి దగ్గర చేతి పంపు ఉంది కూడా. కానీ పీల్చేటప్పుడు నిపుల్ మరల సందుల్లోంచి బయటి గాలీ గొట్టంలోకి వచ్చేస్తుంది. బుడగలు ఆగవు. అవి లోపలి గాలివో బయటివో తేలదు. పైన మనిషి ఉంటే అలా కాదు. గొట్టంలో బుడగలు ఆగడం కింద కన్ను చూస్తుంది, పట్టు రావడం పైన పాదం చెబుతుంది. రెండు సాక్ష్యాలు కలిసినప్పుడే పని అయినట్టు.

అలాగే అయింది. "అమ్మా, బుడగలు లేవు, శుభ్రంగా ఆయిలే వస్తోంది" అన్న మాటా, "పెడల్ గట్టిపడిందిరా" అన్న నా మాటా ఒకదానికొకటి ఎదురొచ్చాయి. నిపుల్ బిగించి, రబ్బరు మూత పెట్టి, కారు దించాడు. పెడల్ తొక్కితే సగం దారిలోనే నిండుగా ఎదురు వచ్చింది. రివర్సు చప్పుడు లేకుండా పడింది.

పట్టి ఉంచేవాళ్ల గొప్పతనం చెప్పి ఇక్కడితో ఆపేస్తే, ఆ పెడల్ నాకు చెప్పినదాంట్లో సగమే రాసినట్టు. మిగతా సగం వదలడం గురించి.

మాస్టర్ సిలిండర్ లోపల సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పైన డబ్బాలోని ఆయిల్ సిలిండర్‌లోకి దిగే దారి అది. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. కాలు సగమే ఎత్తితే పిస్టన్ దానికి అడ్డంగానే ఉంటుంది. అంటే మళ్లీ నొక్కడానికి కావలసిన ఆయిల్ నిండాలంటే, నొక్కిన కాలు పూర్తిగా వదలాలి. "పైదాకా రానీ అమ్మా, పైదాకా" అని మా వాడు కింద నుంచి అన్నది అందుకే.

ఆ మాటకు మా చెల్లెలు గుర్తొచ్చింది. తెనాలిలో మా అమ్మ మంచం పట్టినప్పుడు దగ్గరుండి చూసుకున్నది తనే. మా తెలుగు ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా, ఒకరు ఇంటి దగ్గర. దూరం వెళ్లినవాళ్ల కదలిక అందరికీ కనపడుతుంది. ఇల్లు కొన్నారు, పదవి పెరిగింది, పిల్లలు చదివారు. ఇంటి దగ్గరున్నవాళ్ల ఏళ్లలో చెప్పుకోవడానికి ఏమీ జరగదు. ఏమీ జరగకుండా చూడటమే వాళ్లు చేస్తున్నది. అమ్మ పడిపోలేదు, మందు తప్పలేదు, ఒంటికి పుండు పడలేదు. సెలవుల్లో నేను వెళ్లి "నువ్వు ఎటైనా వెళ్లి రావే, నేనున్నానుగా" అనేదాన్ని. చెల్లెలు తిరుపతి వెళ్లేది. గంటకోసారి ఫోను. "అక్కా, రాత్రి మాత్ర వేశావా? అక్కా, పక్కకు తిప్పావా?" తిరిగొచ్చేసరికి వెళ్లినప్పటి అలసటే మొహంలో. కాలు సగమే లేచింది. ఏమీ నిండలేదు.

అందుకే తర్వాతి సారి వెళ్లేముందు ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఏ మందు ఎన్నింటికి, ఏ డాక్టరు నంబరు ఏది, ఏమైతే ఎవరిని పిలవాలి. చదివి వినిపించి, "ఇక ఇది నా చేతిలో ఉంది, నువ్వు వదులు" అని అదే మాటల్లో చెప్పాను. ఆసారి ఫోను పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తిరిగొచ్చిన చెల్లెలు తేటగా ఉంది.

చెల్లెలు మొదటిసారి ఎందుకు వదలలేకపోయిందో నాకు గ్యారేజీలో స్పష్టంగా కనిపించింది. పట్టుకున్నవాళ్లకు ఎప్పుడు వదలాలో తమంతట తెలియదు. అది వాళ్ల లోపం కాదు. వాళ్లున్న చోటు అలాంటిది. బుడగలు కనిపించేది కింద ఉన్నవాడికి, నిపుల్ మూసిందీ లేనిదీ తెలిసేది వాడికే. కాబట్టి పట్టుకోమని అడిగినవాళ్ల మీద ఒక బాధ్యత ఉంటుంది. ముందు మూయాలి. మూశానని చెప్పాలి. ఆ తర్వాత వదలమనాలి. మూయకుండా వదలమంటే పని చెడుతుంది. మూసి కూడా చెప్పకపోతే మనిషి నలుగుతాడు. "నొక్కు, పట్టుకో" అనడం అందరికీ వచ్చు. ఇళ్లలో, ఆఫీసుల్లో, సంఘాల్లో ఆ మాటలకు కొదవలేదు. అంత స్పష్టంగా "మూశాను, వదులు" అన్న మాట మాత్రం చాలాచోట్ల వినపడదు. ఎవరో ఏ రోజో పట్టుకోమన్న పట్టు మీద ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన మనుషులు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు.

పట్టుకున్నవాళ్లను పొగడటం మంచిదే. సన్మానాలు చేయడమూ మంచిదే. వాటన్నిటికంటే ముందు వాళ్లకు మనం బాకీ ఉన్నది ఒక కబురు. పని నా చేతిలోకి వచ్చింది, ఇక నువ్వు పూర్తిగా వదలొచ్చు అన్న కబురు. దాన్ని పేరు పెట్టి పిలిచి, వినపడేలా, వేళ దాటకముందే చెప్పాలి.